ఒకే కార్టూన్ పాత్రను ముప్పై ఏళ్లు గీస్తే దాని రూపం ఎందుకు మారిపోతుంది?

ప్రశ్నలో రెండు సంగతులున్నాయి. కార్టూనిస్టులు పాత్ర రూపాన్ని కావాలని మారుస్తారా, లేక దానంతట అదే మారిపోతుందా అన్నది ఒకటి. "నేను గీస్తున్న పాత్ర ప్రతిసారీ వేరే మనిషిలా వస్తోంది, ఏం చేయాలి?" అన్నది రెండోది. రెండోదానికి జవాబు చిన్నదే, చివర్లో చెప్తాను. మొదటిదానికి మాత్రం మా ఓదెలు సంగతి చెప్పాలి.

ఓదెలు వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో హమాలీ. నిజం మనిషి కాదు, నా కార్టూన్ మనిషి. మా వైపు ఏ ఊరికి పోయినా ఒకరిద్దరు ఓదెలులు తగులుతారు. ఓదెల మల్లన్నకు మొక్కుకుని పెట్టుకునే పేరు. అప్పట్లో నేను హనుమకొండ చౌరస్తాలో ఒక ఆర్టిస్టు దగ్గర బోర్డులు, బ్యానర్లు రాసేవాణ్ణి. ఎలక్షన్లు వస్తే గోడలు కూడా. సాయంత్రాలు ఒక చిన్న పత్రికకు పాకెట్ కార్టూన్ గీసి ఇచ్చేవాణ్ణి. బొమ్మకు పాతిక రూపాయలు, అదీ నెల దాటాక, అడగ్గా అడగ్గా.

మొదట్లో ఓదెలు ఒక్కడే కాదు. మార్కెట్ కార్టూన్ కదా అని నలుగురిని పెట్టాను. మిర్చి తెచ్చిన రైతు, ధర చెప్పే అడ్తిదారు, కాంటా వేసే దడవాయి, వెనకాల బస్తా మోస్తూ పోయే హమాలీ. మాట్లాడేది ముందున్న ముగ్గురే. ఒక కాలమ్ వెడల్పులో నలుగురు ఎక్కడ పడతారు? ముందు దడవాయి పోయాడు. తర్వాత అడ్తిదారు బొమ్మ పోయి మాట మిగిలింది, పక్క నుంచి మాటల బెలూన్ ఒక్కటే వచ్చేది. ఒకరోజు నాకు జ్వరం, ఓపిక లేక రైతును కూడా వదిలేసి హమాలీని ఒక్కణ్ణే గీసి పంపాను. డెస్కులో అందరూ నవ్వారట. మర్నాటి నుంచి హమాలీకే పేరు పెట్టాల్సి వచ్చింది.

కార్టూనిస్టు ఆర్.కె. లక్ష్మణ్ గీసిన కామన్ మ్యాన్ కూడా ఇలా మిగిలినవాడేనని చాలా ఏళ్ల తర్వాత తెలిసి నాకు భలే ధైర్యం వచ్చింది. ఆయన కామన్ మ్యాన్ 1951 నుంచి టైమ్స్ ఆఫ్ ఇండియాలో వచ్చాడు. అన్ని ప్రాంతాల మనుషులూ కనిపించాలని ఆయన మొదట్లో బొమ్మలో ఒక గుంపునే వేసేవాడు. రోజూ టైముకు బొమ్మ ఇవ్వాల్సి రావడంతో ఒక్కొక్కరే రాలిపోయి, గళ్ల కోటు, ధోవతి, కళ్లజోడు ఉన్న ఆ ఒక్క ముసలాయన మిగిలాడు. దేశం మొత్తానికీ ప్రతినిధి అని మనం ఇప్పుడు ఎంతో గొప్పగా చెప్పుకునే మనిషి, టైము చాలక మిగిలినవాడన్నమాట.

మొదటి ఓదెలు ఇంకా నా దగ్గరే ఉన్నాడు. ఐవరీ కార్డు మీద నిబ్బుతో, ఇండియన్ ఇంకుతో గీసిన బొమ్మ, జానెడు ఎత్తు. తలకు రుమాలు, దానికి పదకొండు మడతలు. గళ్ల చొక్కా, ప్రతి గడిలోనూ ఏటవాలు గీతలు. మీసంలో వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. చెప్పులు, చెప్పులకు వార్లు, వార్లకు కుట్లు. వీపు మీద గోనె సంచి, దాని నేతంతా అడ్డం నిలువు గీతలే. మూడు గంటలు పట్టింది. నా అంత ఆర్టిస్టు ఈ జిల్లాలో లేడనుకుని ఇచ్చొచ్చాను. తెల్లారి పేపర్లో చూస్తే ఒక నల్లటి మరక, దానికి రెండు కాళ్లు.

జానెడు బొమ్మను కాలమ్ వెడల్పుకు, అంటే నాలుగైదు సెంటీమీటర్లకు కుదిస్తే గీతల మధ్య ఖాళీ కూడా అంతే కుదించుకుపోతుంది. న్యూస్‌ప్రింట్ ఇంకును పీలుస్తుంది, గీత కొంచెం ఉబ్బుతుంది. పక్కపక్కనున్న రెండు గీతలు ఉబ్బి కలిసిపోతే మచ్చే. ఇదంతా నాకు చెప్పింది ఆ పత్రికలో బొమ్మల్ని ఫొటో తీసి నెగెటివ్ చేసే పెద్దాయన. నా బొమ్మను వెలుతురుకు పెట్టి చూసి, "బిడ్డా, ఈ గళ్లంగి తీసెయ్. బనీను తొడుగు" అన్నాడు. ఓదెలు చొక్కా అలా పోయింది. పదేళ్ల తర్వాత ఒక సభలో ఎవరో వక్త, ఓదెలు బనీను శ్రమజీవి పేదరికానికి ప్రతీక అని పది నిమిషాలు మాట్లాడారు. నేను చప్పట్లు కొట్టాను. ఏం చెప్తాం?

మిక్కీ మౌస్ చేతి తొడుగుల సంగతి కూడా ఇలాంటిదే. 1928లో స్టీమ్‌బోట్ విల్లీ అనే కార్టూన్ సినిమాలో మిక్కీకి తొడుగులు లేవు. నల్ల చెయ్యి నల్ల ఒంటి మీదికి వస్తే చెయ్యి కనపడేది కాదు. 1929లో తెల్ల తొడుగులు వచ్చాయి, ఇక పోలేదు. కనపడటం కోసం చేసిన పని అలంకారమై కూర్చుంది.

నా లెక్కన పాత్ర రూపం మారడమంటే ఎక్కువ భాగం అరగడమే. చెప్పు అరిగినట్టు. అందరి చెప్పులూ ఒక్కలా అరగవు, ఎవరి నడకను బట్టి వాళ్ల మడమ అరుగుతుంది. నా చెయ్యి పై నుంచి కిందికి, కుడి నుంచి ఎడమకు తేలిగ్గా పోతుంది. అందుకే ఓదెలు రుమాలు ముడి మెల్లమెల్లగా ఎడమకు వాలింది. పదకొండు మడతలు ఏడయ్యాయి, అయిదయ్యాయి, 2000 వచ్చేసరికి మూడు. మీసం వెంట్రుకలన్నీ పోయి బ్రష్షుతో ఒక్క దెబ్బ. బొమ్మకు పన్నెండు నిమిషాలు. ఇందులో ఒక్కటి కూడా నేను కూర్చుని ఆలోచించి చేసింది కాదు. ఏ రోజుకారోజు నిన్నటి బొమ్మలాగే గీస్తున్నాననే అనుకున్నాను. రోజుకు ఆవగింజంత తేడా. ఇంట్లో పిల్లల ఎదుగుదల మనకు తెలియదు, ఏడాదికోసారి వచ్చే మేనత్తకు తెలుస్తుంది. ఇదీ అంతే.

అన్నిటికంటే ముందు పోయినవి పాదాలు. కింద వ్యాఖ్యకు రెండు లైన్లు కావాలి, పైన పేరుకు చోటు కావాలి. బొమ్మను మోకాళ్ల దగ్గర కోసేవాణ్ణి. అలా చాలా ఏళ్లు ఓదెలుకు పాదాలే లేవు, ఎవరూ అడగలేదు, నేనూ మర్చిపోయాను. 2011 సెప్టెంబర్ 13న తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె మొదలైంది. నలభై రెండు రోజులు నడిచింది. ఓదెలు ర్యాలీలో నడవాలి కదా. పెన్సిల్ పట్టుకుని కూర్చుంటే ఈయన పాదాలు ఎలా ఉంటాయో నాకే తెలియదు! పాత చెప్పులు వేసి చూశాను, కుదరలేదు. పైనంతా మూడు గీతల మనిషి, కింద కుట్లున్న చెప్పులు, ఎవరివో ఎత్తుకొచ్చినట్టున్నాయి. చివరికి వెడల్పాటి ఉత్త పాదాలు, వేళ్లు విడివిడిగా, బొటనవేలు పైకి లేచి. ఆ బొటనవేలు వచ్చాక ఓదెలుకు కొత్త అలవాట్లొచ్చాయి. కోపమొస్తే బొటనవేలితో నేల గీకుతాడు. పాదాలు లేనంతకాలం అతనికి కోపమే రాలేదని అప్పుడు తట్టింది.

ఇక్కడ నాకు స్నూపీ గుర్తొస్తుంది. అమెరికా కార్టూనిస్టు చార్లెస్ షుల్జ్ గీసిన పీనట్స్ అనే కామిక్ స్ట్రిప్‌లోని కుక్క అది. ఆ స్ట్రిప్ 1950 అక్టోబర్ 2న మొదలైంది. స్నూపీ మొదట్లో నాలుగు కాళ్ల మీద నడిచే మామూలు కుక్కపిల్ల. ఆ దశాబ్దం చివరికొచ్చేసరికి రెండు కాళ్ల మీద నిలబడ్డాడు, ముక్కు ఉబ్బింది, తల పెరిగింది. నిలబడ్డాక డాన్సు చేశాడు, విమానం నడిపినట్టు కలలు కన్నాడు, టైపు మిషన్ ముందు కూర్చుని నవలలు మొదలుపెట్టాడు. నాలుగు కాళ్ల కుక్కతో ఇవేవీ కుదరవు. అంటే పాత్ర చేసే పనిని బట్టి రూపం వస్తుంది, వచ్చిన రూపం మళ్లీ కొత్త పనులు తెస్తుంది. షుల్జ్ దాదాపు యాభై ఏళ్లు ఆ బొమ్మలన్నీ తన చేత్తోనే గీశాడు. చివరి ఏళ్లలో చెయ్యి వణికేది, ఆ వణుకు గీతలో కనిపిస్తుంది. నాకు ఆ బొమ్మలే ఎక్కువ ఇష్టం.

కావాలని మార్చడం గురించి అడిగారు కదా. మార్చాను. దెబ్బ తిన్నాను.

పరిణామ శాస్త్రవేత్త స్టీఫెన్ జే గౌల్డ్ 1979లో మిక్కీ మౌస్ మీద ఒక వ్యాసం రాశాడు. మిక్కీ పాత బొమ్మలు, కొత్త బొమ్మలు పక్కపక్కన పెట్టి కొలిచాడు. ఏళ్లు గడిచేకొద్దీ మిక్కీ తల పెద్దదైంది, కళ్లు పెద్దవయ్యాయి, నుదురు ఉబ్బింది. వయసు పెరిగేకొద్దీ పెద్దవాడు కావాల్సింది పోయి చంటిపిల్లవాడి పోలికలు వచ్చాయన్నమాట. పెద్ద తల, పెద్ద కళ్లు చూస్తే మనకు ముద్దొస్తుంది, ఎత్తుకోవాలనిపిస్తుంది. మొదట్లో తుంటరి ఎలుక అయిన మిక్కీ మంచివాడవుతున్నకొద్దీ రూపం కూడా అలా మెత్తబడింది. ఈ సంగతి ఎక్కడో చదివాక నాకు నిద్ర పట్టలేదు. అప్పటికే మా ఎడిటర్ ఒకాయన "కుర్రాళ్లకు నచ్చేలా చెయ్యండి" అని పోరు పెడుతున్నాడు. ఓదెలు కళ్లు అప్పటిదాకా రెండు చుక్కలు. రాత్రికి రాత్రి వాటి చుట్టూ గుండ్రంగా తెల్లగుడ్లు పెట్టాను. తల కూడా కాస్త పెంచాను.

మూడో రోజు సుబేదారిలో నేను రోజూ తాగే చాయ్ హోటల్‌కు పోయాను. హోటలాయన పేపర్ మడిచి నా ముందు పెట్టాడు.

"ఏంది సారూ, ఓదెలు పాణం మంచిగ లేదా?"

"ఎందుకట్ల అడుగుతున్నవ్?"

"కండ్లు గట్ల గుడ్లు తేలేసిండేంది? పచ్చకామెర్లు అయినోని లెక్క కొడుతుండు."

పక్కన కూర్చున్న ఆటో ఆయన తొంగిచూసి, "గీయన ఓదెలు గాదన్నా, ఓదెలు కొడుకు" అన్నాడు. చాయ్ డబ్బులు కూడా తీసుకోలేదు హోటలాయన, పాపం నాకేదో కష్టం వచ్చిందనుకున్నాడేమో. వారం లోపల చుక్కలు మళ్లీ పెట్టేశాను. ఎడిటర్‌కు చెప్పలేదు, ఆయన గమనించలేదు.

తప్పు ఎక్కడుందో తర్వాత ఆలోచిస్తే తెలిసింది. మిక్కీ కళ్లకు కనుపాపలు వచ్చింది 1939లో, పుట్టిన పదకొండేళ్లకు. దాని వెనకాల ఒక స్టూడియో నిండా ఆర్టిస్టులు, ఎన్నో సినిమాలు ఉన్నాయి. నేను ఆ పదకొండేళ్ల పనిని ఒక రాత్రిలో చేయబోయాను. పైగా ఓదెలు ముద్దొచ్చే మనిషి కాదు. అతను వింటాడు, చూస్తాడు, ఒక్క మాట అంటాడు. చుక్క కళ్లయితే ఎటు చూస్తున్నాడో చదివేవాళ్లే ఊహించుకుంటారు. తెల్లగుడ్డు పెట్టానంటే చూపు ఎటుందో నేనే చెప్పాల్సొస్తుంది, రోజూ ఒకే ఆశ్చర్యం.

చేర్యాల నకాషీ బొమ్మలు చూసి పెరిగినవాణ్ణి నేను. చేర్యాల ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉంది గానీ మాకు అలవాటుగా మా వరంగల్ జిల్లాయే. ఎర్రటి వెనక రంగు మీద బారెడు బారెడు పటాలు, పటం చూపిస్తూ కథ చెప్పేవాళ్లు. రాత్రి దీపం వెలుతురులో దూరంగా కూర్చున్న ముసలమ్మకు కూడా ఎవరెవరో తెలియాలి. అందుకే ఒక పాత్ర పటం మొదట్లో ఎలా ఉందో చివరిదాకా అలాగే ఉంటుంది, అదే రంగు, అదే కిరీటం, అదే కన్ను. రోజూ వచ్చే కార్టూన్ కూడా ఒక పొడుగాటి పటమే అనుకుంటే, నేను మధ్యలో మనిషిని మార్చి కూర్చున్నాను.

2007లో స్కూటర్ మీద నుంచి పడి కుడి మణికట్టు విరిగింది. మూడు వారాలు మా డెస్కులోని ఒక కుర్ర ఆర్టిస్టు ఓదెలును గీశాడు. నాకంటే మంచి చెయ్యి. పాత బొమ్మలు ముందు పెట్టుకుని స్కేలుతో కొలిచి మరీ గీసేవాడు. గీతకు గీత సరిపోయింది. అయినా చూస్తే ఓదెలు కాదు, ఓదెలు వేషం కట్టినవాడు. ఏంటా తేడా అని వాణ్ణి పక్కన కూర్చోబెట్టి గీయమన్నాను. వాడు ముందు ముఖం గుండ్రంగా వేసి, దాని మీద రుమాలు పెడుతున్నాడు. నేనెలా గీస్తానో నాకూ తెలియదు, చెయ్యి కట్టులో ఉంది కదా, గాల్లో ఎడమ చేత్తో గీసి చూసుకున్నాను. నేను ముందు రుమాలు ముడి వేస్తాను. అక్కడి నుంచి ఆపకుండా వీపు గీత కిందికి లాగుతాను. ముఖం ఆ తర్వాత, మిగిలిన చోట్లో. అంటే నా ఓదెలు మొదలయ్యేది వంగిన వీపుతో, ముఖంతో కాదు. ఇది చెప్పాక మర్నాడే వాడి బొమ్మ కుదిరింది. వాడు చేసిన ఒక పొరపాటు మాత్రం నాకు నచ్చింది. చెవిని రుమాలు బయటికి లాగాడు, చెవి మీద బీడీ పెట్టడానికి చోటొచ్చింది. కట్టు విప్పాక నేనూ అలాగే ఉంచేశాను. ఇప్పటికీ ఆ చెవి వాడిదే.

మిగతావి గబగబా చెప్తాను. నలభై దాటాక చత్వారం వచ్చింది, సన్న గీత కనపడక గీతలు లావయ్యాయి. చూసినవాళ్లు "స్టైల్ మార్చారా?" అన్నారు, అవునన్నాను. ఫ్లెక్సీలు వచ్చి బోర్డుల పని పోయింది, కంప్యూటర్ నేర్చుకోక తప్పలేదు. టాబ్లెట్ మీద మొదటి ఏడాది ఓదెలు చచ్చినట్టుండేవాడు. గీత నచ్చకపోతే వెనక్కి తీసుకునే వీలుంది కదా, ఒక్క వీపు గీతను పాతికసార్లు గీసేవాణ్ణి. పాతికోది తప్పు లేకుండా వచ్చేది, ప్రాణం లేకుండా వచ్చేది. ఇప్పుడు మూడుసార్లకు మించి గీయకూడదని నాకు నేనే పెట్టుకున్నాను.

2020లో మాస్కు పెట్టాల్సి వచ్చినప్పుడు భయపడ్డాను, మీసం కనపడదు కదా. ఏమీ కాలేదు. రుమాలు ముడి, వీపు, చెవి చాలు, జనం గుర్తుపట్టారు. మాస్కు వద్దని రుమాలు కొసనే ముక్కుకు కట్టాను, మా హమాలీలు మిర్చి ఘాటుకు ఎప్పటినుంచో కట్టుకునేది అదే.

సంచి సంగతి ఒక్కటి మాత్రం బాగా ఆలోచించి చేశాను. నేను మొదలుపెట్టిన కాలంలో క్వింటాలు బస్తాలు మోసేవాళ్లు. తర్వాత యాభై కిలోల సంచులు ఎక్కువయ్యాయి. సంచి చిన్నదైతే వీపు వంపు తగ్గించాలా అని నాకు అనుమానం. ఒక పొద్దున మార్కెట్‌కే పోయి ఒక పెద్దమనిషిని అడిగాను. ఆయన బస్తా దించి, నడుం మీద చేతులు పెట్టుకుని, "సంచి సగమైంది గని, తిరుగుడు రెండింతలైంది" అన్నాడు. వచ్చి సంచిని సగం చేశాను. వీపును ముట్టుకోలేదు.

ఇక రెండో ప్రశ్న. మీ పాత్ర ప్రతిసారీ వేరేలా వస్తోందంటే మంచిదే, ఇంకా అరగలేదు. నాలుగు వైపుల నుంచి కొలతలతో నమూనా షీట్ వేసుకోమని చాలామంది చెప్తారు. యానిమేషన్‌లో పదిమంది చేతులు పడతాయి కాబట్టి అక్కడ అది తప్పనిసరి. ఒక్కరే గీసేటప్పుడు ఆ షీట్ చూసి గీయడం అలవాటైతే చెయ్యి భయపడుతుంది. బదులుగా షీట్ చూడకుండా వంద బొమ్మలు గీయండి, రోజుకు అయిదారు చొప్పున. కూర్చున్నట్టు, పడుకున్నట్టు, వెనక నుంచి, తుమ్ముతూ. వంద అయ్యాక అన్నీ నేల మీద పరిచి చూస్తే, ఏ మూడు గీతలు అన్నిట్లోనూ ఉన్నాయో కనిపిస్తాయి. అవే మీ పాత్ర. మిగతావి ఏవి పోయినా ఫర్వాలేదు. ఒకసారి మొత్తం నల్లగా నింపి నీడలా కూడా చూడండి. నీడను చూసి ఇంట్లోవాళ్లు పేరు చెప్పగలిగితే చాలు.

ఇంకోటి, ఏ బొమ్మా పారేయకండి. ప్రతిదాని వెనకాల తేదీ రాయండి. నేను రాయలేదు. నా మొదటి ఓదెలు ఏ ఏడాదివాడో ఇప్పటికీ నాకు ఖాయంగా తెలియదు. 1994 అని అందరికీ చెప్పుకుంటూ వస్తున్నాను, దానికి ఆధారం ఒక్కటే. ఆ కార్డు వెనకాల పెన్సిల్‌తో చాయ్ బాకీ లెక్క ఉంది: ఆరు చాయ్‌లు, తొమ్మిది రూపాయలు. మా చౌరస్తాలో చాయ్ రూపాయిన్నర ఎప్పటిదాకా ఉండేదో గుర్తున్న పాతవాళ్లెవరైనా ఉంటే కింద రాయండి.